పర్లాకిమిడిలో క్రోకస్ పూయించాను: పాతిక దుంపల ప్యాకెట్ మీద నా అనుభవం

2024 సెప్టెంబరులో, వినాయక చవితి వెళ్ళిన వారానికి, ఆన్‌లైన్‌లో పాతిక క్రోకస్ దుంపలు తెప్పించుకున్నాను. ప్యాకెట్ రూ.649, డెలివరీకి మరో రూ.80. పాతికలో ఎనిమిది పూశాయి, నాలుగు మా ఇంట్లో, నాలుగు కొండ ప్రాంతంలో ఉండే మా తమ్ముడింట్లో. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, జనవరిలో కూడా మధ్యాహ్నం పూట ఫ్యాను వేసుకునే ఊరు. ఇలాంటి చోట చలిదేశపు పువ్వు పూయడమే గొప్ప అని మీరు అనుకోవచ్చు, నేనూ అలాగే అనుకుంటున్నాను. కానీ ఆ ఎనిమిదీ ప్యాకెట్ మీద రాసినట్టు చేస్తే పూసినవి కావు. రాసినదాన్ని పక్కన పెట్టి, మొక్క లక్షణం తెలుసుకుని చేస్తే పూసినవి. మా గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోనూ, అటు శ్రీకాకుళం వైపూ ఇలాంటి ప్యాకెట్లు కొందామనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదివితే బాగుంటుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా పెరట్లో ఒకప్పుడు రెండు కొబ్బరి చెట్లు, ఒక సపోటా, ఒక పనస ఉండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది గదా, ఆ తెల్లవారుజామున పనస తప్ప అన్నీ పడిపోయాయి. అంత పెద్ద చెట్లు మళ్ళీ పెంచే వయసు నాకు లేదు. అప్పటి నుంచి కుండీల్లోకి మారాను. దుంపల మొక్కలంటే ఇష్టం మొదలైంది కూడా అప్పుడే. గాలివాన వచ్చినా, ఆకు పోయినా, దుంప మట్టిలో భద్రంగా ఉంటుంది, మళ్ళీ చిగురు వేస్తుంది. నేల సంపంగి, డాలియా, వాన లిల్లీ అన్నీ ఉన్నాయి నా దగ్గర.

క్రోకస్ మీద మనసు పడటానికి కారణం మా చెల్లెలి కొడుకు. వాడు శ్రీనగర్‌లో చదువుకుంటున్నాడు. ఒకసారి అక్టోబరు చివర్లో శ్రీనగర్ దగ్గరి పాంపోర్ పొలాల ఫోటోలు పంపాడు. నేలంతా ఊదారంగు, ఆకు కనపడకుండా పువ్వు, మధ్యలో ఎర్రటి పోగులు. అదే కుంకుమపువ్వు, అదీ ఒక రకం క్రోకసే. ఒక్కో పువ్వుకి మూడే పోగులు, చేత్తో తుంచాలి, కిలో కుంకుమపువ్వు కావాలంటే సుమారు లక్షన్నర పూలు కోయాలి. కాశ్మీరు కుంకుమపువ్వుకి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఫోటోలు చూశాక నా ఫోనులో ఒక ప్రకటన కనపడింది: ‘క్రోకస్ బల్బులు, ఇంట్లోనే కేసర్ పండించండి’ అని. కేసర్ అంటే కుంకుమపువ్వే.

ఇక్కడే మొదటి ఫిర్యాదు. ఆ అమ్మేవాళ్ళు ఇస్తున్నది కేసర్ కాదు. కింద చిన్న అక్షరాల్లో ‘హాలండ్ మిక్స్‌డ్ కలర్స్’ అని ఉంది: ఊదా, తెలుపు, పసుపు, చారలవి. కుంకుమపువ్వు ఇచ్చే క్రోకస్‌కి ఒకటే రంగు, ఊదా. అది పూసేది శరదృతువులో. ఈ హాలండ్ రకాలు చలి వెళ్ళేటప్పుడు, వసంతం ముందు పూస్తాయి. రెండూ ఒకే కుటుంబం, అక్కాచెల్లెళ్ళ లాంటివి, కానీ వసంతపు క్రోకస్‌లో ఉండే నారింజ పోగు తీసి పాలలో వేసుకుంటే కుంకుమపువ్వు అయిపోదు. మా వాడికి ఆ లింకు పంపితే, ‘పెద్దమ్మా, అది పువ్వు చూసుకోవడానికే, పరమాన్నంలోకి కాదు’ అన్నాడు. నాకు పువ్వే కావాలి కాబట్టి తెలిసే కొన్నాను. తెలియక కొన్నవాళ్ళు ఎంతమంది ఉంటారో, వాళ్ళు ఆ పోగులు తీసి పసిపిల్లల పాలలో కలిపేస్తే ఏమిటి గతి అన్నది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ‘ఆటమ్ క్రోకస్’ అనే పేరుతో కొల్చికమ్ దుంపలు కూడా అమ్ముతారు. చూడటానికి అచ్చం క్రోకస్ లాగే ఉంటుంది, కానీ అది విషం. అందులో ఉండే కొల్చిసిన్ నుంచే గౌట్ అనే కీళ్ళ నొప్పులకి మందు చేస్తారు, మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. మన కొండల్లో వానాకాలం పూసే అగ్నిశిఖ దుంపలోనూ ఉండేది ఆ పదార్థమే. గుర్తుపట్టడం తేలిక: పువ్వు లోపల పుప్పొడి ఉండే కేసరాలు లెక్కపెట్టండి. క్రోకస్‌కి మూడు, కొల్చికమ్‌కి ఆరు. పిల్లలూ పశువులూ తిరిగే ఇంట్లో ఇది తెలిసి ఉండటం అవసరం.

ఏడు రోజుల్లో వస్తుందన్న పార్సిల్ వచ్చేసరికి అక్టోబరు ఆరో తారీఖు అయింది. తెరవగానే బూజు వాసన. దుంపల్ని గాలి ఆడని ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి అంటించేశారు. దుంప ఊపిరి తీసుకుంటుంది, దానికి తేమ పడుతుంది, తేమకి బూజు పడుతుంది. అదే వల సంచిలోనో, చిల్లులున్న కాగితం కవరులోనో పంపితే పైసా ఎక్కువ ఖర్చు కాదు. రెండు దుంపలు పచ్చటి బూజుతో పూర్తిగా కుళ్ళిపోయాయి. ఒకటి వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. మిగతా ఇరవై రెండూ గట్టిగానే ఉన్నాయి. మూడు దుంపల డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగితే ప్యాకెట్ తెరుస్తున్నప్పుడు తీసిన వీడియో కావాలన్నారు. పార్సిల్ తెరుస్తూ వీడియో తీసుకోవాలని నాకు తెలియదు. డబ్బు రాలేదు. మీరైతే వీడియో తీసుకోండి.

దుంప ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఏ వైపు పైకి పెట్టాలో తెలియకే చాలామంది తడబడతారు. చూడటానికి సాంబారు ఉల్లిపాయ కంటే చిన్నగా, కాస్త అదిమినట్టు బల్లపరుపుగా ఉంటుంది. పైన గోధుమ రంగు నార తొడుగు, గోనె పీచు లాగా. ఆ తొడుగు తీసేయకూడదు. మొన ఉన్న వైపు పైకి, చదునుగా గుండ్రటి మచ్చ ఉన్న వైపు కిందకి. దీన్ని అందరూ బల్బు అంటారు గానీ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండదు. ఆ మెత్తబడిన దుంపని బ్లేడుతో నిలువునా కోసి చూశాను, పాత అలవాటు పోదు గదా. లోపల చేమదుంప లాగా ఒకటే తెల్లటి కండ. ఒక పక్కే పాడైంది, రెండో పక్క బాగుంది. పైన మొన దగ్గర లేత పసుపు రంగు మొలక, దాన్ని చుట్టి పల్చటి తెల్లపొర. సూదితో ఆ పొరలు ఒక్కొక్కటీ విప్పి భూతద్దం పెట్టి చూస్తే లోపల చీమ తలకాయంత మొగ్గ. అంటే పువ్వు ముందే తయారై ఉంది. ఎండాకాలంలోనే దుంప లోపల మొగ్గ కట్టేసుకుంటుంది. దానికి కావలసినది ఎరువు కాదు, చలి. మూడు నెలలు చలి గడిస్తేనే ఆ మొగ్గ సాగి పైకి వస్తుంది. చలి తగలకపోతే ఆకులు వస్తాయి, పువ్వు లోపలే ఎండిపోతుంది.

మరి ప్యాకెట్ మీద ఏం రాశారో చూడండి. ‘రెండు అంగుళాల లోతున నాటండి, రోజూ నీళ్ళు పోయండి, 20 రోజుల్లో పూలు.’ ఇంతే. చలి అన్న మాటే లేదు. ఒడిశాకీ, ఆంధ్రాకీ, తమిళనాడుకీ అదే ప్యాకెట్, అదే కాగితం. నా అసలు కోపం దీనిమీదే. బూజు పట్టిన మూడు దుంపలు పోనివ్వండి. ఒక్క వాక్యం, ‘మీది వేడి ప్రాంతమైతే 12 నుంచి 14 వారాలు ఫ్రిజ్‌లో పెట్టి నాటండి’ అని రాస్తే, మొదటిసారి మొక్క పెట్టేవాళ్ళు ‘నా చెయ్యి మంచిది కాదేమో’ అని దిగులుపడి మానేయకుండా ఉంటారు.

చెప్పింది చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో కూడా తెలియాలని ఆరు దుంపలు ప్యాకెట్ మాట ప్రకారమే నాటాను. ఎనిమిది దుంపలు నా ఫ్రిజ్ కోసం ఉంచుకున్నాను. దసరాకి వచ్చిన మా తమ్ముడికి మిగతా ఎనిమిదీ ఇచ్చి పంపాను. వాడుండేది సునాబేడలో, కోరాపుట్ జిల్లా. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, చలికాలంలో స్వెట్టర్ లేకుండా తెల్లారి బయటికి రాలేరు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, ఉన్నది ఆ జిల్లాలోనే.

ప్యాకెట్ ప్రకారం నాటిన ఆరింటి సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. అక్టోబరులో మా ఊళ్ళో ఇంకా ఉక్కపోతే. రోజూ నీళ్ళు పోయడంతో రెండు కుళ్ళాయి. నాలుగింటికి జానెడు కూడా లేని పీల ఆకులు వచ్చి, డిసెంబరు దాటకుండా పసుపెక్కాయి. పువ్వు లేదు, మొగ్గ జాడ లేదు.

ఫ్రిజ్ సంగతి అంత తొందరగా తేలేది కాదు. ముందుగా థర్మామీటరు పెట్టి చూశాను. మధ్య అరలో 4 నుంచి 5 డిగ్రీలు, కింద కూరగాయల ట్రేలో 7, 8. ఈ దుంపలకి 9 డిగ్రీల లోపు ఏదైనా సరిపోతుంది, గడ్డకట్టే ఫ్రీజర్ మాత్రం పనికిరాదు. కూరగాయల ట్రే పెద్దది, వీలుగా ఉంటుంది, కానీ అందులో పండ్లు ఉంటాయి. ఆపిల్, అరటి, జామ, మాగుతున్న ఏ పండైనా ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. పచ్చి మామిడిని బియ్యంలో పండు పక్కన పెడితే తొందరగా మాగేది అందుకే. కాయని పండించే ఆ వాయువే దుంప లోపలి మొగ్గని చంపేస్తుంది. కాబట్టి మధ్య అరలో, పెరుగు గిన్నె వెనకాల చోటు చేశాను. మూడు నెలల పాటు పండ్లు ఫ్రిజ్‌లో పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ, ఎనిమిది మంది వచ్చిపోయే ఇంట్లో ఇది నిలబెట్టుకోవడమే అన్నిటికంటే కష్టమైన పని.

ఎనిమిదింటిలో నాలుగు దుంపల్ని కాగితం కవరులో పొడిగా ఉంచాను. ఇంకో నాలుగింటిని లీటరు ఐస్‌క్రీం డబ్బాలో మట్టి పోసి, నాటి, ఆ డబ్బానే ఫ్రిజ్‌లో పెట్టాను. అక్టోబరు 14న మొదలుపెట్టాను, క్యాలెండరులో ఆ తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. డబ్బా అడుగున కాల్చిన మేకుతో ఆరు చిల్లులు. మట్టి మామూలుగా కుండీకి కలిపేదే: రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు నది ఇసుక, అర పాలు బాగా చివికిన గెత్తం. మా వైపు పశువుల ఎరువుని గెత్తం అంటాం. ఇసుక మాత్రం మహేంద్రతనయ ఒడ్డు నుంచి ఎప్పుడో ఇంటి పనికి తెచ్చిన దాంట్లో మిగిలింది, కడిగి ఆరబెట్టి వేశాను. క్రోకస్‌కి నీళ్ళు నిలిస్తే చాలు, చచ్చిపోతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి, తడి అంత ఉంటే చాలు. డబ్బాలో దుంప మీద రెండు అంగుళాల మట్టి వేశాను. నేలలో నాటేటప్పుడు మూడు, నాలుగు అంగుళాలు వెయ్యాలి. దుంపకీ దుంపకీ మధ్య రెండు వేళ్ళ సందు చాలు. దూరం దూరంగా నాటితే ఇంత చిన్న పువ్వు కంటికి ఆనదు.

ఇంట్లో ఒక గండం తప్పింది. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఇప్పటికీ పప్పుచారు ఆవిడ చేతి మీదే. ఒకరోజు నేను బ్యాంకుకి వెళ్ళి వచ్చేసరికి కాగితం కవరు వంటింటి గట్టు మీద ఉంది, ఒక దుంపకి సగం తొడుగు వలిచి ఉంది. ‘చిన్నుల్లి ఇంత ఎండిపోయిందేమిటే, వాసన కూడా లేదు’ అన్నారు. గుండె ఆగినంత పనైంది. ఆ సాయంత్రమే కవరు మీద స్కెచ్ పెన్నుతో, ‘పూల దుంపలు, తినేవి కావు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను, పనమ్మాయికి ఒడియానే వచ్చు కాబట్టి. ఫ్రిజ్‌లో దుంపలు పెట్టే ప్రతి ఒక్కరూ మొదట చెయ్యవలసిన పని ఇది. నేను చివర చేశాను.

డిసెంబరు మొదటి వారంలో డబ్బా ఎత్తి అడుగు చూస్తే చిల్లుల్లోంచి సేమియా అంత సన్నటి తెల్ల వేళ్ళు బయటికి వచ్చాయి. కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్ పడేదాన్ని, ఎప్పుడూ రెండు మూడు గంటలకి మించి పోలేదు కాబట్టి నష్టం జరగలేదు. పదిహేను రోజులకోసారి వేలుతో మట్టి తాకి చూసి, పొడిగా ఉంటే రెండు చెంచాల నీళ్ళు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

సరిగ్గా పదమూడు వారాలకి, జనవరి 13న, భోగి రోజు పొద్దున డబ్బా బయటికి తీశాను. వీధిలో భోగిమంటలు వేస్తున్నారు, నేను మాత్రం ఆ డబ్బాని మంట వేడి తగలకుండా పెరటి వైపు మెట్ల కిందకి తీసుకెళ్ళాను. అప్పటికే పసుపు రంగు మొనలు అరంగుళం పైకి వచ్చి ఉన్నాయి. ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. నాలుగు రోజులు నీడలో ఉంచితే మొనలు పచ్చబడ్డాయి, తర్వాత తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండ తగిలేలా పెట్టాను. కాగితం కవరులో పొడిగా చలి పట్టించిన నాలుగింటినీ అదే భోగి రోజు ఒక వెడల్పాటి మట్టి మూకుడులో నాటాను.

జనవరి 27న మొదటి మొగ్గ కనపడింది. ఆకుల మధ్యలోంచి తెల్లటి పొర చీల్చుకుని, చుట్టిన గొడుగు లాగా. ఆకు కూడా చూడదగ్గదే, దర్భలా సన్నగా, మధ్యలో గీత గీసినట్టు తెల్లటి చార. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మొగ్గ మూసుకునే ఉంది. ఎండ కిటికీ మీదకి వచ్చింది. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొమ్మిది దాటాక రేకుల కొసలు విడివడటం మొదలైంది, తొమ్మిదిన్నరకి పువ్వు గిన్నెలా తెరుచుకుంది. ఊదారంగు, లోపలి పక్క పట్టుచీర మీద వెలుగు పడ్డట్టు మెరుపు, మధ్యలో నారింజ రంగు పోగు, పక్కన మూడు పసుపు కేసరాలు. సాయంత్రం చల్లబడేసరికి మళ్ళీ మూసుకుంది. ఇది వెలుతురు కంటే వేడికి ఎక్కువ స్పందిస్తుంది, రేకు లోపలి వైపు వేడికి తొందరగా సాగుతుంది, అందుకే విచ్చుకుంటుంది. మూసుకున్న పువ్వుని అరచేతుల మధ్య తగలకుండా కాసేపు పట్టుకుంటే కొద్దిగా విచ్చుకుంది. ఆ చూసిన పది నిమిషాలకి రూ.729 ఇవ్వవచ్చు అని నాకు అనిపించింది.

ఇంకో విచిత్రం. పువ్వు కింద కాడ అనుకునేది కాడ కాదు, రేకులే కింద గొట్టంలా కలిసి మట్టిలోకి దిగుతాయి. గింజ కట్టే అండాశయం మట్టి లోపల, దుంప పక్కనే ఉంటుంది. ఈ పువ్వుని కోసి దేవుడికి పెడదామంటే గంటలో వాలిపోతుంది. అత్తగారు ఒకటి అడిగారు గానీ, చెప్పగానే ‘అయితే దేవుణ్ణే కిటికీ దగ్గరికి రమ్మందాం’ అని ఆ పూట చిన్న వినాయకుడి విగ్రహం తెచ్చి డబ్బా పక్కన పెట్టారు.

డబ్బాలో నాలుగింటికి మూడు పూశాయి, ఒక్కో పువ్వు మూడు రోజులు నిలిచింది. మూకుడులో పొడిగా నాటిన నాలుగింటిలో ఒక్కటే పూసింది, అది కూడా పొట్టిగా, ఆకుల మధ్య ఇరుక్కుని. మిగతా మూడింటి మొగ్గలు అగ్గిపుల్ల తలంత వచ్చి గోధుమ రంగుకి తిరిగిపోయాయి. కారణం వేళ్ళే అని నా నమ్మకం. డబ్బాలో ఉన్న వాటికి చల్లదనంలోనే వేళ్ళు దిగాయి. పొడిగా ఉన్నవి బయటికి రాగానే పైకి మొలక తోశాయి, కింద నీళ్ళు తాగే వేరు లేదు, పైన 28 డిగ్రీల మధ్యాహ్నం. కాబట్టి మీ ఫ్రిజ్‌లో చోటుంటే మట్టిలో నాటిన తర్వాతే చలి పట్టించండి.

సునాబేడలో తమ్ముడు నేను చెప్పినట్టే రెండు వాటాలు చేశాడు. నాలుగు నవంబరు మొదటి వారంలో నేరుగా నేలలో నాటాడు. ఆకులు బ్రహ్మాండంగా వచ్చాయట, నిండు పచ్చగా, బారెడు కాకపోయినా జానెడు పైనే. పువ్వు మాత్రం రాలేదు. ఒకదానికి మొగ్గ వచ్చి లోపలే ఎండిపోయింది. రాత్రి చలి సరిపోయినా పగలు 25 డిగ్రీలు ఉండటంతో ఆ చలి వరసగా అందలేదు. ఫ్రిజ్‌లో డబ్బాలో ఉంచి సంక్రాంతి తర్వాత బయట పెట్టిన నాలుగూ పూశాయి. ‘అక్కా, వారం అయింది, ఇంకా ఉన్నాయి’ అని ఫోను చేశాడు. అదీ ఎత్తు ప్రాంతం లాభం: చలి పట్టించడానికి ఫ్రిజ్ అక్కడా కావాలి, కానీ పూసిన పువ్వు మాకు మూడు రోజులుంటే వాళ్ళకి ఆరేడు రోజులు ఉంటుంది. మొత్తం ఎనిమిది పూలలో ఆరు ఊదావి, రెండు తెలుపు మీద ఊదా చారలవి. బొమ్మలో చూపించిన పసుపు ఒక్కటి లేదు.

మా టౌన్లో నేను మొక్కలు కొనే నర్సరీ తాతకి ఈ పూల ఫోటో చూపించాను. ఆయన ఒడియాలో మాట్లాడతాడు, నేను తెలుగులో అడుగుతాను, మా బజారంతా అలాగే నడుస్తుంది. ఫోటో చూసి వెంటనే వాన లిల్లీ కుండీ చూపించాడు, ‘ఇదీ అదీ ఒకటే పోలిక, ఇది ఇరవై రూపాయలు’ అన్నాడు. నిజమే. గులాబీ, తెలుపు, పసుపు రంగుల వాన లిల్లీ వాన పడిన మూడు నాలుగు రోజులకి గుంపుగా పూస్తుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, ఏటేటా పిలకలు వేస్తుంది. మొట్టమొదటిసారి దుంప నాటేవాళ్ళు, అందులోనూ పిల్లల చేత నాటించేవాళ్ళు, దానితో మొదలుపెట్టడమే మంచిది. ఒక దుంప చేతిలో పట్టుకోవడం, మొన చూసి నాటడం, నీళ్ళు తగ్గించడం చేతికి అలవాటయ్యాక క్రోకస్‌కి రండి.

వచ్చేటప్పుడు అమ్మేవాళ్ళని మూడు ప్రశ్నలు అడగండి. దుంప చుట్టుకొలత ఎంత, ఏ రకం, ముందే చలి పట్టించారా లేదా. తొమ్మిది, పది సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్నవి పెద్దవి, ఒకటి కంటే ఎక్కువ పూలు ఇవ్వగలవు. నాకు వచ్చినవి దారం చుట్టి కొలిస్తే ఆరు నుంచి ఏడు. చిన్నవే. జవాబు చెప్పనివాళ్ళ దగ్గర, ‘కేసర్’ అన్న మాట వాడి రంగురంగుల బొమ్మ పెట్టినవాళ్ళ దగ్గర కొనకండి. సెప్టెంబరులో ఆర్డరు పెడితేనే సంక్రాంతికి ఫ్రిజ్ నుంచి తీయగలం. నవంబరులో తెచ్చుకుంటే ఫిబ్రవరి చివర బయటికి వస్తాయి, మా ఎండలకి అప్పటికి మొగ్గ బతకదు.

ఈ అమ్మకందారుకి నేను ఐదుకి రెండు ఇస్తాను. ఆ రెండూ కూడా ఇరవై రెండు దుంపలు గట్టిగా, బతికి వచ్చినందుకు. ప్యాకింగ్, కాగితం మీద సూచన, ఆలస్యం, డబ్బు వాపసు, ‘కేసర్’ అన్న అబద్ధం, వీటికి సున్నా. పువ్వుకి ఐదుకి ఐదు.

పూలు అయిపోయాక ఆకులు కోయలేదు. పచ్చగా ఉన్నన్ని రోజులూ అవి కింద కొత్త దుంపని తయారుచేస్తాయి. మార్చి నెలాఖరుకి ఆకు పండిపోయింది, నీళ్ళు ఆపేశాను. ఏప్రిల్‌లో డబ్బా బోర్లించి చూస్తే పాత దుంప నలిగిన కాగితంలా ముడుచుకుపోయి ఉంది, దాని నెత్తి మీద కొత్త దుంప, శనగ గింజ కంటే కాస్త పెద్దది. మా వేడికి అంతకంటే ఎదగలేదు. సునాబేడలో వచ్చినవి ఉసిరికాయంత ఉన్నాయట. నావి నాలుగూ వల సంచిలో కట్టి, మే నెలలో మా మేనకోడలి పెళ్ళికి వచ్చిన తమ్ముడి చేతికి ఇచ్చేశాను. అన్నీ కలిపి వాళ్ళింటి అటక మీద, గాలి తగిలేచోట వేలాడదీశాడు. చవితి వెళ్ళగానే డబ్బాలో నాటి, ఫ్రిజ్‌లో మధ్య అరలో పెడతానన్నాడు. వాళ్ళింట్లో ఆపిల్ పండ్లు ఎక్కువ కొంటారు, ఆ సంగతి మా మరదలికి విడిగా ఫోను చేసి చెప్పాలి.